రొట్టె డబ్బాలో మోగే ఫోన్లు

జూన్ 2

"ప్రేబెన్, ఫోన్ల మీద నీ కోపం ఇక నాకు చెప్పకు. ఎక్కడైనా రాసుకో," అంది ఇవాళ బోదిల్. అనడమే కాదు, గళ్ళ కాయితాల పుస్తకం ఒకటి నా ముందు పడేసి కోళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. అందుకని రాసుకుంటున్నాను.

నాకు కోపం లేదు. మనుషులు తలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకునే రోజులు ఉండేవని గుర్తు చేస్తున్నానంతే. గుర్తు చేసేటప్పుడు గొంతు కాస్త పెరుగుతుంది. బళ్ళో పాఠాలు చెప్పిన గొంతు కదా.

మా దీవిలో పిల్లలు తగ్గిపోయి బడి మూసేశారు. నన్ను ఇంటికి పంపేశారు. బోదిల్ చాలాకాలంగా పైగదులు అద్దెకిద్దామంటోంది. ఇస్తే నా పద్ధతిలో ఇద్దామన్నాను. పైన రెండు గదులనీ నా చిన్నతనంలో ఉన్నట్టు సర్దాను. నారింజ రంగు పరదాలు, రేడియో, పేకముక్కలు, హాల్లో డయల్ తిప్పే ఫోను. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే తమ ఫోన్లు నాకు అప్పగించాలి. మా అమ్మ రొట్టెలు దాచుకున్న ఇనప డబ్బాకి తాళం పెట్టించాను. ఫోన్లు అందులో, తాళంచెవి నా మెడలో. వెళ్ళేటప్పుడు తీసుకోవచ్చు. పేపర్లో ప్రకటన ఇచ్చాను. డెన్మార్క్‌లో ఇలాంటి ఇంటికోసం ఎదురుచూస్తున్నవాళ్ళు చాలామంది ఉండి ఉంటారు.

జూన్ 5

ఎవరూ ఫోన్ చేయలేదు.

జూన్ 6

ఎవరూ చేయలేదు. ఫోను పనిచేస్తోందో లేదోనని రిసీవరు ఎత్తి చూశాను. పనిచేస్తోంది.

జూన్ 10

రెండు గదులూ నిండాయట. నెలాఖరునుంచి ఆగస్టు దాకా ఖాళీ లేదట. బోదిల్ చెప్పింది.

"పేపరు చూసే చేశారా?" అన్నాను.

"అలాంటిదే," అంది.

అచ్చులో పడిన మాటకి ఇంకా బలముంది. ఫోన్లు ఎప్పుడొచ్చాయో మాత్రం నాకు తెలియదు, నేను తోటలో ఉన్నప్పుడు వచ్చి ఉంటాయి. ఈ మధ్య బోదిల్‌కి కోళ్ళ మీద ప్రేమ ఎక్కువైంది. రోజుకి నాలుగైదుసార్లు వెళ్తోంది. గుడ్లు మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయి.

జూన్ 27

వచ్చారు.

వీబెకే అనే ఆవిడది కోపెన్‌హాగన్. పెద్ద ఆఫీసులో మేనేజరు. యాభై ఉంటాయి. ఫోను నా చేతిలో పెట్టింది గానీ తన చెయ్యి తియ్యలేదు. కాసేపు ఇద్దరం దాన్ని పట్టుకుని నిలబడ్డాం. చివరికి నేనే నెమ్మదిగా లాక్కున్నాను.

రెండో అతను మాల్తె. ముప్ఫై దాటి ఉంటాడు. ఓడెన్స ఊళ్ళో వయొలిన్లు బాగుచేస్తాడట. తన ఫోన్ని చచ్చిన ఎలుకని తోక పట్టుకుని ఇచ్చినట్టు ఇచ్చాడు. "తాళం గట్టిదేనా మాష్టారూ?" అని అడిగాడు. మంచి కుర్రాడు.

గుమ్మంలో నేను నాలుగు ముక్కలు చెప్పాను. ఉపన్యాసమంటుంది బోదిల్. చెబుతున్నంతసేపూ ఇద్దరూ కళ్ళప్పగించి విన్నారు. వీబెకే అయితే, "అచ్చం అలాగే ఉన్నారు," అంది.

"ఎలాగ?" అన్నాను.

"సూపు చల్లారిపోతోంది," అని లోపలినుంచి బోదిల్ కేకేసింది.

జూన్ 28

ఫోన్లు మోగుతున్నాయి. మోత కాదు, వణుకు. ఇనప డబ్బాలో వణికితే కందిరీగలని బంధించినట్టుంది. డబ్బా పెట్టిన సామాన్ల గది వంటింటికి ఆనుకునే ఉంది. పొద్దున్న ఫలహారం దగ్గర వీబెకే రొట్టెముక్క మీద వెన్న రాస్తూ ప్రతి వణుకుకీ చెయ్యి ఆపింది.

వీటిని ఎలా ఆపాలో బోదిల్‌ని అడిగాను. "నాకేం తెలుసు?" అంది. అడగకముందే అన్నట్టు అంది.

అడుగున తువ్వాలు పరిస్తే చప్పుడు తగ్గుతుందని డబ్బా తెరిచాను. అంతకు మించి ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే వీబెకే ఫోను వెలిగింది. వెలుగొస్తే కళ్ళు అటే పోతాయి. మనిషి కంటిని దేవుడు అలా చేశాడు. "వీబెకే, ఎర్ర ఫైలు ఎక్కడ? కెనెత్."

జూన్ 29

తువ్వాలు సరిగ్గా ఉందో లేదో చూశాను. ఎర్ర ఫైలు దొరికింది. నీలం ఫైలు దొరకలేదు.

జూన్ 30

తువ్వాలు మార్చాను. కెనెత్ కాఫీ మిషను పాడుచేశాడు. ఎవరో మేరెటె అనే ఆవిడకి అతని మీద చాలా కోపంగా ఉంది. నాకు వీళ్ళతో ఏమీ సంబంధం లేదు.

మధ్యాహ్నం చూస్తే వీబెకే ఫోను నల్లగా పడి ఉంది. ప్రాణం పోయింది. నీలం ఫైలు సంగతి తేలకుండానే పోయింది. ఛార్జర్లు కూడా వాళ్ళు డబ్బాలోనే పెట్టారు. చాలాసేపు ఆలోచించాను. ఒకరు తమ గొర్రెని మన దగ్గర వదిలి వెళ్తే మేత వెయ్యకుండా ఉంటామా? గోడకి తగిలించాను. రెండోదాన్ని కూడా. పక్షపాతం ఉండకూడదు.

జూలై 1

నీలం ఫైలు కెనెత్ కార్లోనే ఉంది.

జూలై 2

పక్కింటి ఆగ్నర్ కాఫీకి వచ్చాడు. ఎనభై ఆరేళ్ళు. చేతిలో ఎప్పుడూ పలకలాంటి ఫోనే. పోర్చుగల్‌లో ఎవరో ముసలావిడతో దాంట్లో చదరంగం ఆడతాడు. మా ఇంట్లోకి దాన్ని తేవద్దంటే కిటికీ గడప మీద బయటివైపు పెట్టి, ఎత్తు వేయాల్సి వచ్చినప్పుడల్లా తల బయటికి పెట్టాడు.

వీబెకే అతన్ని అడిగింది, "మీ రోజుల్లో జీవితం ఎంత హాయిగా ఉండేదో కదా?"

"మా నాన్నకి ఉండేదమ్మా," అన్నాడు ఆగ్నర్. "పొద్దున్న కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా అన్నీ దగ్గరికొచ్చేవి. తెచ్చేది మా అమ్మ. మంచులో బావినుంచి నీళ్ళు మోసేది. ఆవిడ పాతరోజులు బాగుండేవని ఒక్కసారి కూడా అనలేదు. బట్టలుతికే మిషను వచ్చినప్పుడు దాని ముందు కుర్చీ వేసుకుని, తిరుగుతున్నంతసేపూ చూసింది."

"మిషను వేరు, ఫోను వేరు," అన్నాను.

"నీకు వేరే మాష్టారూ. నువ్వు బట్టలు ఉతకవు కదా."

బోదిల్ అవసరానికి మించి నవ్వింది.

సాయంత్రం మెట్ల దగ్గర వీబెకే నన్ను ఆపింది. మెల్లిగా అడిగింది, "మోగుతోందా?"

నిజానికి నిన్న మధ్యాహ్నం నుంచి దాని మీద ఒక్క మెసేజీ లేదు. కెనెత్ చివరి మెసేజీ ఇది: "అంతా సర్దుకుంది. నువ్వు విశ్రాంతి తీసుకో." దాన్ని రెండుసార్లు చదివాను. మా బడి మూసేశాక నాకూ ఇలాంటి మాటే ఎవరో అన్నారు.

"ఆగకుండా మోగుతోంది," అన్నాను.

ఆవిడ మొహం విప్పారింది. "నేను లేకపోతే వాళ్ళకి కాలూ చెయ్యీ ఆడదు," అంటూ హాయిగా పడుకోవడానికి వెళ్ళింది.

జూలై 5

మాల్తె ఫోను ఇన్నాళ్ళూ పలకలేదు. ఇవాళ పలికింది.

"సోల్వై: నిన్ను చాలా మాటలన్నాను. ఒకసారి మాట్లాడతావా?"

తువ్వాలు కింద పడింది. తీసి మళ్ళీ పరిచాను.

భోజనాల దగ్గర మాల్తె తనంతట తానే చెప్పాడు. సోల్వై నర్సు. నాలుగేళ్ళు కలిసి ఉన్నారు. ఏప్రిల్‌లో విడిపోయారు. "ఫోను చేతిలో ఉంటే రోజంతా దాన్నే చూసేవాణ్ణి. ఆమె రాయదు. నాకు తెలుసు. కానీ ఇక్కడైతే రాయలేదన్న సంగతి కూడా తెలియదు. మీ పుణ్యమే మాష్టారూ. ఇంత ప్రశాంతంగా ఉండి ఎన్నాళ్ళయిందో," అన్నాడు.

నేను మూడోసారి బంగాళాదుంపలు వడ్డించుకున్నాను. నోట్లో ఏదైనా ఉంటే మాట్లాడక్కర్లేదు.

జూలై 6

"సోల్వై: నువ్వు జవాబివ్వకపోవడం న్యాయమే."

జూలై 7

మూడు వచ్చాయి. ఒకదాని వెనుక ఒకటి.

"గ్రీన్లాండ్‌లో నూక్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఒప్పుకున్నాను. రెండేళ్ళు."

"ఈ ఆదివారమే విమానం."

"నువ్వు వద్దన్నా వెళ్తాను. కానీ వద్దంటావేమో వినాలని ఉంది."

చెప్పాలి. చెప్పాలంటే చదివానని చెప్పాలి. చదివానని చెబితే వీబెకేకి తెలుస్తుంది, కెనెత్ సంగతి బయటపడుతుంది. బోదిల్‌కి తెలుస్తుంది. ఆగ్నర్‌కి తెలిస్తే పోర్చుగల్ దాకా తెలుస్తుంది.

నేను చదవలేదు. కళ్ళబడింది. కళ్ళబడిందని చెబితే సరిపోతుంది. ఎన్నిసార్లు కళ్ళబడిందని అడిగితే మాత్రం ఇబ్బంది.

జూలై 8

ఉపాయం తట్టింది. పాతకాలం నన్ను వదిలెయ్యలేదు.

కాఫీ దగ్గర అన్నాను, "మాల్తె, ఆ అమ్మాయికి ఉత్తరం రాయరాదూ? కాయితం మీద. చేత్తో."

"ఏమని రాయను?"

"వద్దు అని రాయి."

"ఏం వద్దు?"

"ఏదైనా సరే. మనుషులు సాధారణంగా ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలనుకుంటూ ఉంటారు. వద్దనే మాట ఎప్పుడు రాసినా పనికొస్తుంది."

వీబెకే కప్పు పట్టుకుని నావంక చూసింది. మేనేజర్లు అలా చూస్తారు కాబోలు.

మాల్తె మొదట నవ్వాడు. తర్వాత కిటికీ దగ్గర కూర్చున్నాడు. భోజనానికి కూడా లేవలేదు. సాయంత్రం దళసరి కవరు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీరే పోస్టు చెయ్యండి. నా దగ్గరుంటే చింపేస్తాను," అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెసేజీ రాసి ఎవరికైనా కళ్ళు ఎర్రబడతాయా?

జూలై 9

రేవు దగ్గరికి వెళ్ళాను. ఎర్ర పోస్టు డబ్బా లేదు. గోడకి మేకుల కన్నాలు మాత్రం ఉన్నాయి.

నాకు తెలియక కాదు. కొత్త సంవత్సరం నుంచి ఉత్తరాలు పంచడం ఆపేశారు, డబ్బాలు పీకేశారు. కాళ్ళకి తెలియదు, అవి అలవాటుగా అక్కడికే తీసుకుపోయాయి. చేతిలో కవరుతో ఆ కన్నాల ముందు నిలబడ్డాను.

బెంచీ మీద ఆగ్నర్ ఉన్నాడు. "ఏమోయ్ మాష్టారూ, దాన్ని పీకేసిన రోజున నువ్వే కదా పూలు పెట్టావు. మళ్ళీ బతికొచ్చిందేమోనని చూస్తున్నావా?"

"ఈ ఉత్తరం ఓడెన్స చేరాలి. ఆదివారం లోపల."

"కిరాణా కొట్లో ఇవ్వు. ఎవరో పట్టుకెళ్తారు. వచ్చేవారం చేరుతుంది."

"వచ్చేవారం ఆ అమ్మాయి అక్కడ ఉండదు."

"ఆ సంగతి నీకెలా తెలుసు?"

గాలి పెద్దగా వీస్తోందని ఇంటికొచ్చేశాను.

రేపు నేనే పట్టుకెళ్తాను. పూర్వం గుర్రం మీద వెళ్ళి అందించేవాళ్ళు. నేను పొద్దున్న ఫెర్రీలో వెళ్ళి సాయంత్రం ఫెర్రీకి వచ్చేస్తాను. ఫెర్రీ చేరే ఊరు స్వెన్‌బోర్గ్‌లో దిగి రంపం కొనాలని బోదిల్‌కి చెబుతాను.

జూలై 10, ఓడెన్స

ఇది ఒక పరాయి సోఫా మీద కూర్చుని రాస్తున్నాను. మొదటినుంచీ రాయాలి.

పొద్దున్న రంపం సంగతి చెప్పి వెళ్దామని కోళ్ళ గూడు దగ్గరికి వెళ్ళాను. బోదిల్ నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. రెండు బొటనవేళ్ళతో ఏదో టకటకా కొడుతోంది. నా అడుగుల చప్పుడు విని చటుక్కున పొదిగే కోడి కింద చెయ్యి పెట్టింది.

"గుడ్లున్నాయా?" అన్నాను.

"చూస్తున్నాను," అంది.

కోడి వణికింది. దిగ్గున లేచి మమ్మల్నిద్దర్నీ చూసింది. గడ్డిలో ఫోను వెలుగుతోంది.



"ఎప్పట్నుంచి?" అన్నాను.

"నాలుగేళ్ళు," అంది. "ఇంట్లో నువ్వుంటావు. కోళ్ళ దగ్గరికి రావు."

"అంటే ఈ వచ్చినవాళ్ళంతా..."

"నెట్‌లో పెట్టాను ప్రేబెన్. నీ బొమ్మతో సహా. రేవులో డ్రోను ఎగరేసిన అబ్బాయిని నువ్వు కర్ర పట్టుకుని తిడుతున్న ఫోటో. 'ఫోన్లంటే మండిపడే మాష్టారి ఇల్లు' అని రాశాను. జనం నీకోసమే వస్తున్నారు."

"పేపరు ప్రకటన చూసి ఎవరూ...?"

"ఒకాయన చేశాడు. రేడియో అమ్ముతారా అని."

రంపం మాట చెప్పలేదు. ఏ మాటా చెప్పలేదు. కోటు తీసుకుని ఫెర్రీ ఎక్కేశాను. వెనుకనుంచి, "నీకింకో సంగతి చెప్పాలి," అని బోదిల్ అంటూనే ఉంది. వినదలచుకోలేదు.

స్వెన్‌బోర్గ్ స్టేషన్లో రైలు టికెట్టు ఇచ్చే మనిషి కనిపించలేదు. ఆకుపచ్చ జుట్టు అమ్మాయి ఒకతె నా తంటాలు చూసి, తన ఫోన్లోనే నాకూ టికెట్టు తీసింది. "మా తాతయ్యా ఇంతే," అంది. ఫోన్ల వల్ల మనుషుల్లో మంచితనం చచ్చిపోయిందని ఆమెకి చెబుదామనుకున్నాను. ఆ సమయంలో బాగుండదనిపించింది.

ఓడెన్స నాకు కొత్త కాదు. అక్కడే చదువుకున్నాను. దారి ఎవర్నీ అడగలేదు. భూగోళం చెప్పినవాణ్ణి, దారి అడగడమేమిటి? సినిమాహాలు దగ్గర ఎడమకి తిరిగితే కవరు మీద ఉన్న వీధి వస్తుంది. సినిమాహాలు లేదు. అది ఉన్నచోట ఇళ్ళు. వాటి మధ్యనుంచి ట్రామ్ పోతోంది. నేను ఉన్నప్పుడు ట్రామ్ లేదు. సూర్యుణ్ణి చూసి పడమర కనిపెట్టి నడిచాను. పడమర సరిగ్గానే కనిపెట్టాను. ఆ వీధి తూర్పున ఉంది.

చేరేసరికి సాయంత్రమైంది. గంట కొట్టాను. పలకలేదు. మళ్ళీ కొట్టాను. కింద వాటాలోంచి ఒకావిడ తల బయటపెట్టింది.

"సోల్వై కోసమా? పొద్దున్నే వెళ్ళింది. ఏదో దీవికట. అక్కడ ఫోన్లు లాక్కుంటారట. ఎవరో పిచ్చి మాష్టారు."

మెట్ల మీద కూర్చున్నాను. చివరి ఫెర్రీ వెళ్ళిపోయే వేళయింది. నేను రేవు దాటి ఇటు వస్తుంటే ఆ అమ్మాయి అటు బయల్దేరిందన్న మాట. అక్కడేం జరుగుతోందో తెలుసుకునే దారి లేదు. ఇక్కడున్నానని చెప్పే దారీ లేదు. పూర్వం ఊళ్ళో వీధి చివర ఫోను గది ఉండేది. వెతికాను. దానిలో ఇప్పుడు పూలమొక్కలు అమ్ముతున్నారు.

స్టేషను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎండ ఇంకా ఉంది. కుక్కని తిప్పుతున్న ఒకాయన నన్ను దాటి వెళ్ళి, ఆగి, తన ఫోను చూసుకుని, నన్ను చూసి, మళ్ళీ ఫోను చూసి వెనక్కి వచ్చాడు.

"ఏమీ అనుకోకండి. ఇది మీరేనా?"

నేనే. కర్ర ఎత్తి నోరు తెరిచి ఉన్నాను. కింద ఆగ్నర్ రాత: "మా ప్రేబెన్ మాష్టారు పొద్దుటినుంచి కనిపించడం లేదు. తెల్ల గడ్డం, నీలం స్వెటరు. కనిపిస్తే ఫోను జేబులో పెట్టుకుని దగ్గరికెళ్ళండి, లేకపోతే తిడతాడు. బోదిల్ ఏడుస్తోంది."

ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. బోదిల్ ఏడవగా నేను చూసింది వాళ్ళ అమ్మ పోయినప్పుడు.

కుక్క ఆయన అక్కడున్న నంబరు నొక్కి ఫోను నా చెవికి పెట్టాడు.

"ఎక్కడున్నావు?" అంది బోదిల్. ముక్కు దిబ్బడవేసిన గొంతు.

"ఓడెన్సలో."

"ఓడెన్సలో ఏం పని?"

"ఉత్తరం ఇవ్వడానికి వచ్చాను. సోల్వైకి."

"సోల్వై నా వంటింట్లో కూర్చుని సూపు తాగుతోంది. పొద్దున్న నీకు చెప్పబోయింది అదే. మాల్తె పలకడం లేదని వాళ్ళ అక్కని అడిగి, నెట్‌లో మన ఇల్లు వెతికి నాకు రాసింది. వచ్చెయ్యమన్నాను. నువ్వు ఫెర్రీ ఎక్కడం ఎవరూ చూడలేదు, నీళ్ళలో పడ్డావేమోనని ఊరంతా పడవలేసుకుని వెతుకుతున్నారు. మాల్తె కూడా వెళ్ళాడు. ఆ పిల్ల ఇంతదూరం వచ్చి, అతనితో రెండు మాటలు కూడా మాట్లాడలేదు. నీ మూలంగా."

జేబులో ఉన్న కవరు తడుముకున్నాను.

"ఆ ఉత్తరంలో తొందరేముందని నీకెలా తెలుసు?" అంది.

"రొట్టె డబ్బా..."

"నాకు తెలుసు. రోజుకో తువ్వాలు ఉతికేది ఎవరనుకున్నావు?" ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "నన్ను తిట్టు ప్రేబెన్, అలుగు. కానీ ఎక్కడున్నావో తెలియకుండా పోకు. నీకు అది పాతకాలమేమో. నాకు అది నరకం."

కుక్క ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. కుక్క మాత్రం వింది.

ఈ సోఫా ఆయనదే.

జూలై 11

మొదటి ఫెర్రీకి వచ్చాను. రేవులో అందరూ ఉన్నారు. బోదిల్ నా స్వెటరు గుండెల దగ్గర పట్టుకుని ఒకసారి గట్టిగా కుదిపింది. అంతే. తర్వాత అక్కడ పడిన దుమ్ము దులిపింది.

సోల్వై సన్నగా, పొడుగ్గా ఉంది. పక్కన మాల్తె. అదే ఫెర్రీలో వెళ్ళిపోవడానికి పెట్టెలతో వచ్చారు. కవరు తీసి ఆమెకి ఇచ్చాను. మాల్తె చెవులు ఎర్రబడ్డాయి. ఆమె అక్కడే విప్పి, కాయితాలన్నీ చదివింది. ఫెర్రీవాడు కూడా ఆగాడు.

"ఇందులో ప్రతి పేజీ చివరా 'వద్దు' అని రాశావేం?" అంది మాల్తెతో. "నేను వెళ్తున్న సంగతి నీకు నిన్నటిదాకా తెలియదు కదా."

మాల్తె నావైపు చూశాడు. వీబెకే నావైపు చూసింది. ఆగ్నర్ ఫోను దించి మరీ చూశాడు.

చెప్పేశాను. డబ్బా, తువ్వాలు, ఛార్జర్లు, మూడు మెసేజీలు. కళ్ళబడిందని అనలేదు. చదివానన్నాను.

మాల్తె నీళ్ళవైపు తిరిగాడు. "మంగళవారం నుంచి మీకు తెలుసు," అన్నాడు. "రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు. ప్రశాంతంగా ఉందని నేనంటుంటే వింటూ కూర్చున్నారు."

"అవును."

"నాకు మీమీద చాలా కోపంగా ఉంది మాష్టారూ."

"ఉండాలి," అన్నాను.

చెయ్యి కలపలేదు. పెట్టెలు ఎత్తుకున్నాడు. సోల్వై మాత్రం కాయితాలు మడిచి లోపలి జేబులో పెట్టుకుని, నా దగ్గరికొచ్చి అడిగింది, "నూక్ ఎలా ఉంటుంది? మీకు తెలుసంటున్నారు బోదిల్."

ఆమె జేబులో ఫోను ఉంది. అందులో నూక్ మొత్తం ఉంది. అయినా నన్నడిగింది. చెట్లు పెరగవని చెప్పాను, సముద్రం గడ్డకట్టదని చెప్పాను, ఎందుకు గడ్డకట్టదో ప్రవాహాలు గాల్లో గీసి చూపించాను. ఫెర్రీ రెండుసార్లు కూత పెట్టింది. మాల్తె పెట్టెలు కింద పెట్టి, కోపంగానే అయినా, విన్నాడు.

వాళ్ళు వెళ్ళాక వీబెకే తన ఫోను ఇమ్మంది. ఇచ్చాను. పైనుంచి కిందిదాకా చూసుకుంది.

"మొదటి వారం నుంచి ఒక్కటీ లేదు. ఆగకుండా మోగుతోందన్నారే."

"అన్నాను."

ఆవిడ పెట్టె మీద కూర్చుంది. ఏడుస్తుందనుకుని భయపడ్డాను. కానీ, "పదేళ్ళలో ఇంత బాగా నిద్రపోలేదు," అంది. "ఇంకో రెండు వారాలు ఉండొచ్చా? నా గదికి వచ్చేవాళ్ళుంటే నేను ఎక్కడైనా సర్దుకుంటాను."

"ఉండండి. మరి ఫోను?"

"డబ్బాలోనే ఉండనివ్వండి. ఎలాగూ మోగదు."

ఇంటికి నడుస్తుంటే బోదిల్ అంది, "పాతరోజులు రావాలని కాదు నీ బాధ. ఎవరైనా వచ్చి ఏదైనా అడగాలని."

అదేం కాదన్నాను. కొంతదూరం నడిచాక, నూక్ సంగతి ఎంతసేపు చెప్పానని అడిగాను.

"ఫెర్రీ ఆలస్యమైంది," అంది.

జూలై 12

ఇవాళ విమానం. వెళ్ళిపోయి ఉంటుంది.

జూలై 19

హాల్లో ఫోను మోగింది. రేడియో కొనేవాడనుకుని తీశాను. మాల్తె.

"నాకు ఇంకా కోపంగానే ఉంది," అన్నాడు మొదటే.

"సరే," అన్నాను.

"సోల్వై చెప్పమంది. చెట్లు నిజంగానే లేవట. సముద్రం చలికాలంలో చూసి చెబుతుందట." తర్వాత, "సెప్టెంబరులో నేను వెళ్తున్నాను. చూడ్డానికే. వయొలిన్లు అక్కడ చలికి పగులుతాయట, పని దొరకొచ్చు. ఏం బట్టలు పట్టుకెళ్ళాలి?" అన్నాడు.

బట్టల గురించి చెప్పాను. వినడం అయిపోయాక కూడా ఫోను పెట్టలేదు. రిసీవరు చెవికి వేడెక్కింది.

జూలై 21

బోదిల్ తన పాత ఫోను తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒప్పందం: నేను దీవి దాటితే ఇది జేబులో ఉండాలి. మెసేజీలు చదవడం నాకు ఎలాగూ వచ్చు కాబట్టి రాయడం మాత్రం నేర్పితే చాలునంది.

నేను ఒప్పుకోలేదు. తీసుకున్నానంతే.

జూలై 22

ఒక వాక్యం రాయడానికి వీబెకే సాయం పట్టింది. "నేను తోటలో ఉన్నాను," అని రాశాను. బోదిల్ కిటికీలోంచి, "కనిపిస్తున్నావు," అంది.

డబ్బాకి తాళం తీసేశాను. ఎవరి ఫోను వాళ్ళు ఎప్పుడైనా తీసుకోవచ్చు. విచిత్రమేమిటంటే, తాళం లేదని తెలిశాక వీబెకే అటువైపే వెళ్ళలేదు.

జూలై 25

కొత్తవాళ్ళు వచ్చారు. ఆర్హుస్ నుంచి భార్యాభర్తలు. ఉపన్యాసం మానేద్దామనుకున్నాను. బోదిల్ ఒప్పుకోలేదు. "దానికోసమే ఇంతదూరం వచ్చారు. కాస్త మండిపడు," అంది.

గుమ్మంలో నిలబడి మండిపడ్డాను. బాగా కుదిరింది. మనిషి తలెత్తి మనిషిని చూసే రోజుల గురించి చెబుతూ మంచి చోటికి వచ్చాను. అప్పుడు నా చొక్కా జేబు వణికింది. గట్టిగా. ఇద్దరూ జేబు వంక చూశారు.

"గుండెకి పెట్టిన మిషను," అన్నాను. ఇంకేమీ తోచలేదు.

భార్య చటుక్కున ముందుకొచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. నాడి పట్టుకుంది. ఆవిడ గుండె డాక్టరట. ఇంత శబ్దం చేసే మిషను ఇన్నేళ్ళలో చూడలేదట. మళ్ళీ వణికింది. వంటింట్లో బోదిల్ నవ్వు ఆపుకోలేక గిన్నెల చప్పుడు చేస్తోంది.

"కదలకండి," అంది డాక్టరు. "ఇది మీకు ఎవరు పెట్టారు?"

"మా ఆవిడ," అన్నాను.